జాడీలో నారింజ తొక్క

నీబియాను అంబులెన్సులో తీసుకెళ్లి శనివారానికి మూడు రోజులైంది. జ్వరం దిగలేదు, దగ్గు ఆగలేదు. క్యాన్సరు మందులకు జుట్టంతా రాలి, తిండి సయించక పుల్లలా అయిపోయిన మనిషి. వాంతులు తగ్గడానికి ఆమె పీల్చే గంజాయిని ఆరబెట్టి, మాగబెట్టి, జాడీకెత్తి ఇచ్చింది ఆమె బావ ఎల్బియోనే. శుక్రవారం సాయంత్రం నీబియా కూతురు సొలెదాద్ ఫోన్ చేసి, "పెదనాన్నా, అమ్మ జాడీలో ఏదో తెల్లగా ఉంది. రేపు నేలగదికి పట్టుకొస్తున్నా" అని పెట్టేసింది. పోయిన వారం అక్కడ ఆగాం.

శనివారం పంపకాల రోజు.

పాసో హోందో ఊరి చివర ఆ నేలగదిలో ఒకప్పుడు చీజ్ మాగబెట్టేవారు. డెయిరీ మూతపడ్డాక గంజాయి క్లబ్బు దాన్ని తీసుకుంది. ఇరవై ఆరుగురు సభ్యులు, ప్రభుత్వం దగ్గర పేర్లు నమోదైన వాళ్లు. అందరి మొక్కలూ ఒకే దొడ్లో పెరుగుతాయి, ఒకే గదిలో ఆరతాయి. ఆ గది తాళంచెవి ఎల్బియోది. నలభై రెండేళ్లు అక్కడే చక్రాల్లాంటి చీజ్ దిమ్మల్ని మాగడానికి తిప్పిన చేతులు కనక, ఆ చేతుల మీద ఎవరికీ అనుమానం లేదు.

గోడలు మూరెడు మందం. కిటికీ ఒక్కటే, ఆ దేశంలో ఎండ తగలని దక్షిణం వైపు. బయట ఎంత కాసినా లోపల పద్దెనిమిది డిగ్రీలు దాటదు. తేమ అరవై దగ్గర నిలబడాలి. తగ్గితే తడి గోనెలు వేలాడదీస్తాడు, పెరిగితే కిటికీ వేలెడు తీస్తాడు. కొమ్మలు తలకిందులుగా తీగల మీద పన్నెండు రోజులు వేలాడాక, పుల్ల విరిచి చూస్తాడు. టక్కుమంటే మొగ్గలు కోసి గాజు జాడీల్లో పెట్టి, రోజూ కాసేపు మూతలు తీసి మళ్లీ బిగిస్తాడు. మీటరు గోడకుంది గాని, అతను దాన్ని చూసేది మర్యాదకే. ముక్కుతో చెప్పగలడని ఊళ్లో పేరు.

ఆ పొద్దున ఒక్కొక్కరే మెట్లు దిగి వచ్చారు. పాల ట్యాంకరు నడిపే విల్మార్ చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు, చేతిలో మాతే ఆకుల తేనీరు తాగే సొరబుర్రతో దిగాడు.

"ఏంటి ఎల్బియో, పెళ్లికొడుకులా గడ్డం గీసుకున్నావు. ఏ విధవరాలన్నా జాడీ అడిగిందా?"

మామూలుగా అయితే దీనికి రెండింతలు తిరగ్గొట్టేవాడు ఎల్బియో. ఇవాళ బల్ల తుడుస్తూ ఊరుకున్నాడు.

"మరదలి మీద దిగులు," అన్నారెవరో నెమ్మదిగా. విల్మార్ మాతే నింపి మొదట అతనికే ఇచ్చాడు.

సొలెదాద్ పది గంటలకు వచ్చింది. ప్లాస్టిక్ సంచిలోంచి జాడీ తీసి బల్ల మీద పెట్టి, దానికి దూరంగా జరిగి నిలబడింది. క్లబ్బు పెద్ద మేబెల్ పశువుల డాక్టరు. నలభై అయిదేళ్ల మనిషి, తొందరపడదు. ముక్కుకి గుడ్డ కట్టుకుని మూత తిప్పింది.

మొగ్గల మీద బూడిదరంగు నూగు. ముసలాళ్ల చెవుల్లో వెంట్రుకల్లా. మేబెల్ పట్టకారుతో అడుగుదాకా కెలికి, ఒక ముక్కను పైకి తీసింది. బొటనవేలంత ఉంది. ఎండి, మడతపడి, లోపలి తెలుపంతా నల్లబడింది.

"ఇదేంటి?"

"నారింజ తొక్క," అన్నాడు విల్మార్. "పొగాకు మరీ ఎండిపోతే మా తాత డబ్బాలో వేసేవాడు, మెత్తబడ్డానికి. ఈ చుట్టుపక్కల ముసలాళ్లంతా అంతే."

మేబెల్ తొక్కను కాగితం మీద పెట్టి తలెత్తింది.

"దోన్ ఎల్బియో గారూ, మీరేమన్నా వేశారా?"

అడిగింది అనుమానంతో కాదు. అడగాలి కనక అడిగింది. గదిలో పదిహేనుమంది ఉన్నారు. అవునని ఒక్క మాట చాలు.

"జాడీ ఇక్కణ్ణుంచి బాగానే వెళ్లింది," అన్నాడు ఎల్బియో.

ఆ మాట తన నోట్లోంచి అంత నున్నగా ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు.

"అమ్మే వేసుంటుంది," అంది సొలెదాద్. మూడు రోజులుగా నిద్రలేని కళ్లు. "వంటింట్లో కెటిల్ పక్కన పెట్టకే ఆ జాడీని, ఆవిరి తగులుతుందే అని వందసార్లు చెప్పాను. వింటేగా. నలభైమంది పిల్లలకి పాఠాలు చెప్పిన పంతులమ్మ, ఇంకొకళ్లు చెబితే వినదు. తన చావు తనే కొనితెచ్చుకుంది."

అనేసి అరచేత్తో నోరు నొక్కుకుంది. మేబెల్ వెళ్లి భుజం పట్టుకుంది. ఎల్బియో వాళ్లకి రెండడుగుల దూరంలో, బల్ల తుడిచే గుడ్డ నాలుగు మడతలు పెడుతూ నిలబడ్డాడు.

తలుపు పక్కన మేకుకి వేలాడే నోటుపుస్తకం తీసి మేబెల్ పేజీలు తిప్పింది. రోజువారీ వేడి, తేమ అందులో ఉంటాయి. పద్దెనిమిది, అరవై. పద్దెనిమిది, అరవై ఒకటి. పద్దెనిమిది, అరవై. ఒక్క రోజు కూడా తప్పలేదు.

"గదిలో ఏ లోపం లేదు," అంది, గుండెల్లో బరువు దిగినట్టు. "చూడండి, టూరిజం వారం సెలవుల్లో కూడా. మనమంతా గుడారాలు వేసుకుని ఏటి ఒడ్డున పడి ఉంటే, ఈయనొక్కడే ఇక్కడ కూర్చుని గోనెలు తడిపాడు."

ఎవరో చప్పట్లు కొట్టారు. మిగతావాళ్లూ కలిశారు. ఎల్బియో నేలకేసి చూశాడు. సిగ్గుపడుతున్నాడనుకుని ఇంకా గట్టిగా కొట్టారు. సిగ్గుపడుతున్న మాట నిజమే.

ఇక పంపకం మొదలైంది. ఎప్పటిలాగే జాడీలు అతనే అందించాడు, రెండు చేతులా. ఒక్కొక్కరూ తీసుకుని, మూత వదులు చేసి, వాసన చూసి, బాగుందన్నారు. "మధ్యాహ్నం మా దొడ్లో మాంసం కాలుస్తున్నా, అందరూ రండి," అన్నాడు విల్మార్. "మొదటి ముక్క ఎల్బియోది." మేబెల్ సొలెదాద్‌కేసి చూసి, "నువ్వూ రావాలి. ముద్ద తిని మూడు రోజులైంది. తిని అయిదింటికి ఆసుపత్రికి వెళ్దువుగాని," అంది.

అందరూ మెట్లెక్కి వెళ్లిపోయాక గదిలో చల్లదనం, ఎండిన కొమ్మల వాసన మిగిలాయి. ఎల్బియో ఖాళీ బల్ల ముందు కూర్చున్నాడు.

నలభై రెండేళ్లు. ఏటా ఏప్రిల్లో ఆ వారం వస్తే దేశమంతా చేపలగాలాలు, చాపలు కట్టుకుని నీళ్ల ఒడ్డుకు పోతుంది. ఆవులకు సెలవు తెలియదు. పాలు వస్తూనే ఉంటాయి, చక్రాలు తిప్పాల్సిందే. ఖాళీ వీధిలో నడిచి గదికొచ్చి, ఖాళీ వీధిలో నడిచి ఇంటికెళ్లేవాడు. భార్య దెల్మీరా ఒక్క ఏడైనా ఏటికి వెళ్దామని అడిగేది. తర్వాత తర్వాత అడగడం మానేసింది. ఆమె పోయి మూడేళ్లు.

ఈ ఏడు బుధవారం పొద్దున, ఊరంతా వెళ్లిపోయాక, అతను గదికొచ్చాడు. కొమ్మలు తీగల మీద నాలుగు రోజులుగా వేలాడుతున్నాయి. తేమ కాస్త ఎక్కువగా ఉంది. కిటికీ వేలెడు తీశాడు. వాతావరణం కదలకుండా ఉంది, నాలుగు రోజులు ఇలాగే ఉంటుంది అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. ఊరివాళ్లెవరూ రాని చోటు చూసుకుని, ఉత్తరాన రియో నెగ్రో నది ఒడ్డుకు పికప్పు తోలుకుపోయాడు.

మర్నాడు సాయంత్రం నైరుతి నుంచి పంపేరో గాలి లేచింది. మబ్బునంతా ఊడ్చేసి, పొడిగా, చల్లగా కొట్టింది. ఒడ్డున పడుకుని ఆ గాలి మొహానికి తగలనిచ్చాడు. అంత హాయి ఎప్పుడూ ఎరగడు. శుక్రవారం పొద్దున గాలం చుడుతుంటే కిటికీ గుర్తొచ్చింది.

అప్పుడే లేచి బయల్దేరితే సగమైనా దక్కేది. ఇన్నాళ్లూ తన మీద తనకు కోపం తెప్పిస్తున్నది తెరిచిన కిటికీ కాదు, అది మరుపు. గుర్తొచ్చాక కూడా ఆదివారం దాకా ఉండిపోవడం. చేపలు బాగా పడుతున్నాయి.

తిరిగొచ్చేసరికి మొగ్గలు చేత్తో పట్టుకుంటే పొడి రాలాయి. గాటు ఒక్కటే మిగిలింది, కమ్మదనం పోయింది. నోటుపుస్తకంలో నాలుగు రోజుల గళ్లు నింపాడు. ఇంటికెళ్లి నాలుగు నారింజలు ఒలిచాడు. ఇరవై ఆరు జాడీల్లో ఇరవై ఆరు ముక్కలు. ఒక్క రాత్రి ఉంచి పొద్దున తీసేశాడు. నీబియాది తప్ప. ఆమెకి గొంతంతా పుండు, గరుగ్గా తగిలితే ఓర్చుకోలేదు, ఇంకో రెండు రోజులుంటే ఇంకాస్త మెత్తబడుతుంది అనుకున్నాడు. ఆ రెండు రోజులు ఎప్పుడు దాటాయో పట్టించుకోలేదు. మందు అయిపోయిందని ఆమె కబురు చేస్తే అందరికంటే ముందు ఆమె జాడీ పట్టుకెళ్లి ఇచ్చొచ్చాడు. తొక్క సంగతి గుర్తు రాలేదు.

మిగతా జాడీల్ని రోజూ దీపం కింద పెట్టి చూశాడు. నూగు కనపడలేదు. రెండు మూడింటి మూత తీసినప్పుడు మాత్రం తడి గోనె వాసన సన్నగా తగిలింది. చీజ్ ఏ మూల చెడుతున్నా కళ్లు మూసుకుని పట్టుకున్న ముక్కు అది. ఆ ముక్కుతో, ఇది నారింజ వాసనే అని తనకు తానే చెప్పించుకున్నాడు.

మూడు గంటలకు జిల్లా ఆసుపత్రిలో, టోపీ చేత్తో పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాడు. నీబియా ముక్కుకి గొట్టం. నెత్తిన అల్లిన ఊలు టోపీ.

"కూర్చో బావా. అలా టోపీ తీసి నిలబడితే పోయాననుకుంటారు నన్ను."

కూర్చున్నాడు.

"సొలెదాద్ ఫోన్ చేసింది. తొక్క దొరికిందటగా."

ఎల్బియో టోపీ అంచును చుట్టూ తిప్పుతున్నాడు.

"నేనే వేశానని డాక్టరమ్మకి చెప్పాను," అంది నీబియా. "మంగళవారం వేశానన్నాను."

"నువ్వు వెయ్యలేదు."

"వెయ్యలేదు. నువ్వు జాడీ తెచ్చిన రోజునే చూశాను, అడుగున ఉంది. మా అక్క నీ పొగాకు డబ్బాలో ఎన్నేళ్లు వేసిందో నాకు తెలీదా?"

"చూసి కూడా పీల్చావా?"

"నువ్విచ్చావు కదా బావా. నువ్వు వేశావంటే ఏదో కారణం ఉంటుందనుకున్నా."

దగ్గు వచ్చింది. దుప్పటి కింద ఒళ్లంతా ఎగిరిపడింది. ఎల్బియో లేచి గ్లాసు అందించాడు. నీళ్లు ఆమె గడ్డం మీదుగా కారితే తుడవాలో వద్దో తెలియక నిలబడ్డాడు. ఆమే తుడుచుకుంది.

"ఎందుకు చెప్పావు అలాగ?" అన్నాడు చివరికి.

"ఎందుకేంటి. ఆ తాళంచెవి లాగేసుకుంటే నువ్వేం చేస్తావు? ఇంట్లో కూర్చుని దెల్మీరా కుర్చీకేసి చూస్తావు. నేను ఎలాగూ జబ్బుమనిషిని, నా మీదికి ఇంకోటి వస్తే ఏం? అంత మొహం పెట్టకు. క్లాసులో సిరా ఒలకబోసిన పిల్లాడి మొహం అది."

అతను అక్కడ కూర్చోలేకపోయాడు. ఫ్లాస్కులో నీళ్లు తెస్తానని వరండాలోకి వచ్చాడు.

అక్కడ డాక్టరమ్మ నిలబడి ఫైలు చదువుతోంది. ముప్పై ఏళ్లుంటాయి, బూట్లకి బురద.

"మీరు ఆవిడకి ఏమవుతారు?"

"బావని."

"అయితే ఒకటి అడగాలి. ఊపిరితిత్తుల్లో బూజు చేరిందేమోనని నాకు అనుమానం. కాని ఆవిడ తొక్క మంగళవారం వేశానంటున్నారు. దగ్గు మొదలై పన్నెండు రోజులైంది. ముందు దగ్గొచ్చి తర్వాత బూజు రావడం కుదరదు కదా. బూజు మందు తేలికైంది కాదు, కాలేయాన్ని పిండేస్తుంది. ఆవిడ ఉన్న స్థితిలో ఊరికే ఎక్కించలేను. పరీక్షల జవాబు సోమవారం గాని రాదు. అప్పటిదాకా మామూలు మందులతోనే లాక్కొస్తున్నాం."

"సోమవారం దాకా ఆగుతుందా?"

డాక్టరమ్మ ఫైలు మూసింది.

ఎల్బియో గోడకున్న కొక్కేన్ని చూస్తున్నాడు. దానికేమీ వేలాడటం లేదు. పొద్దున గదిలో పదిహేనుమంది ఎదుట రాని మాట, పేరైనా తెలియని ఈ పిల్ల ఎదుట గొంతులో కదిలింది.

"మంగళవారం కాదమ్మా," అన్నాడు. "ఏప్రిల్లో. వేసింది నేను. ఆమెకి ఇచ్చేటప్పటికే అది లోపల పది రోజులుగా ఉంది. తర్వాత మూడు వారాలు పీల్చింది."

తిడుతుందనుకున్నాడు. ఆమె చేతి గడియారం చూసి, తలుపు తోసి, నర్సుకి ఒక మందు పేరు చెప్పింది. ఇప్పుడే, అంది. లోపల హడావుడి మొదలైంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

మళ్లీ బయటికొచ్చి అడిగింది. "అలా ఎన్ని జాడీల్లో వేశారు?"

"అన్నిట్లోనూ. కాని ఒక్క రాత్రే."

"తడి ఎక్కించి మూత బిగించారు కదా. రాత్రయితేనేం. ఇప్పుడెక్కడున్నాయవి?"

ఎక్కడున్నాయి? తన చేతుల్తోనే అందించాడు, ఒక్కొక్కటీ.

నర్సు బల్ల మీది ఫోన్ చూపించింది డాక్టరమ్మ. మేబెల్ నంబరు అతనికి కంఠతా వచ్చు. ఆమె ఒక్కతికే నెమ్మదిగా చెప్పాలి. మిగతావాళ్లకి ఎలా చెప్పాలో ఆమెకి తెలుసు. అలా అనుకుంటూ నంబరు నొక్కాడు.

"ఎవరూ? ఓ, దోన్ ఎల్బియో. ఎక్కడున్నారు? ఆమె ఎలా ఉంది?" వెనక జనం గోల, ఎవరిదో గిటారు.

"మేబెల్, నీతో ఒక మాట."

"ఒక్క క్షణం, అందరూ మిమ్మల్నే అడుగుతున్నారు. స్పీకర్లో పెడుతున్నా."

"వద్దమ్మా, నీతోనే..."

అప్పటికే గోల దగ్గరికొచ్చేసింది.

"ఒరే ఎల్బియో," విల్మార్ గొంతు. "నీ ముక్క మాడి బొగ్గయింది, రావా? నువ్వు మాగబెట్టింది ఏం మాగింది. మా అత్తగారు రెండు దమ్ములు లాగి నవ్వుతోంది. పదకొండేళ్లలో ఆవిడ పళ్లు చూడ్డం ఇదే మొదలు."

నవ్వులు. అత్తగారెవరో ఏదో అంటే ఇంకా నవ్వులు.

"ఆర్పెయ్యండి," అన్నాడు ఎల్బియో.

"ఏంటీ? వినపళ్లేదు."

నర్సు తలెత్తి చూసేంత గట్టిగా అన్నాడు. "చేతుల్లో ఉన్నవి ఆర్పెయ్యండి. జాడీలు మూసెయ్యండి. అన్నీ పాడైపోయాయి. టూరిజం వారంలో నేను గదిలో లేను. కిటికీ తెరిచి చేపలకి పోయాను. మొగ్గలు ఎండిపోతే అన్నిట్లో తొక్కలు నేనే వేశాను. నీబియా జాడీలోనూ నేనే."

గిటారు ఆగింది. నవ్వు ఒక్కొక్కళ్ల దగ్గరే తెగిపోయింది. మాంసం కొవ్వు నిప్పుల మీద పడి చిటపటలాడటం కాసేపు వినిపించింది. మేబెల్ మాట్లాడుతుందని ఎదురుచూశాడు. విల్మార్ బూతు తిడతాడని ఎదురుచూశాడు.

ఫోన్ ఎవరి చేతిలోకో మారిన చప్పుడైంది. ఊపిరి దగ్గరగా వినపడింది.

"పెదనాన్నా," అంది సొలెదాద్. గొంతు పెంచలేదు. "పొద్దున నేను అమ్మని అంత మాట అన్నప్పుడు, నువ్వు నా పక్కనే నిలబడి ఉన్నావు కదా?"